భయం తెచ్చిన కిరీటం

పాయింట్ల పట్టికకు లోకంలో ఒక గౌరవం ఉంది. గెలుపునకు మూడు, సమానంగా ముగిసిన ఆటకు ఒకటి, ఓటమికి సున్న. ధనవంతుల జట్టుకు ఒక లెక్క, బీదవారి జట్టుకు మరొక లెక్క ఉండదు. ఏడాదంతా సాగిన పోటీ ముగిసేనాటికి ఆ పట్టికలో అందరికన్నా పైన నిలిచినవారే విజేతలు. మన పిల్లలు ఆటలను ఇంతగా ప్రేమించటానికి ఈ లెక్కలోని నిక్కచ్చితనం కూడా ఒక కారణమని మేము భావిస్తాం. అయితే పట్టిక ఎన్నడూ చెప్పని సంగతి ఒకటుంది. ఆ పాయింట్లు ఏ మార్గాన వచ్చాయన్నది దానికి తెలియదు.

ఐరోపా ఖండంలోని యుగోస్లావియా దేశపు ప్రథమశ్రేణి ఫుట్‌బాల్ లీగ్‌లో 1997-98 సీజన్ పట్టికను ఒకసారి చూద్దాం. అగ్రస్థానంలో బెల్‌గ్రేడ్ నగరానికి చెందిన ‘ఒబిలిచ్’ అనే జట్టు ఉంది. ఆడినవి 33 మ్యాచ్‌లు, పాయింట్లు 86, సీజన్ మొత్తంలో ఒకే ఒక్క ఓటమి. దేశంలోకెల్లా ప్రసిద్ధమైన ‘రెడ్ స్టార్’ జట్టు 84 పాయింట్లతో రెండవ స్థానంలో నిలిచింది. అంతకుముందు సంవత్సరం క్రింది శ్రేణిలో ఆడిన ఒక చిన్న జట్టు, పైకి వచ్చిన తొలి సంవత్సరమే మహామహులను దాటి ఛాంపియన్ అయింది. అంకెలను మాత్రమే చదివేవారికి ఇది కష్టపడి పైకి వచ్చిన పేదవాని కథలా కనిపిస్తుంది. వాస్తవం వేరు. ఆ వాస్తవాన్ని తెలుసుకోవటం మన కుటుంబాలకు అవసరమన్న ఉద్దేశంతోనే ఈ వ్యాసం రాస్తున్నాం.

నేడు మన ఇళ్ళలోని యువకులు రాత్రులు మేల్కొని ఐరోపా క్లబ్బుల మ్యాచ్‌లు చూస్తున్నారు. ఆటగాళ్ళ పేర్లు, వారి ధరలు, ఎవరు ఎన్ని గోల్స్ చేశారన్నది వారికి కంఠస్థం. మద్రసాకు వచ్చే విద్యార్థులు సైతం అస్ర్ నమాజు తరువాత మైదానంలో ఇవే ముచ్చట్లు చెప్పుకోవటం మేము వింటూనే ఉంటాం. ఆటను ఇంతగా తెలుసుకున్న పిల్లవానికి, గెలుపు గురించి ఒక ప్రశ్న వేయటం కూడా నేర్పాలి. ‘ఎంతకు గెలిచారు?’ అన్న ప్రశ్న వానికి ఎలాగూ తెలుసు. ‘ఎలా గెలిచారు?’ అన్నది పెద్దలు నేర్పవలసిన ప్రశ్న.

ముక్కలైన దేశం

ముందుగా ఆ దేశాన్ని గురించి నాలుగు మాటలు. పాత యుగోస్లావియాలో సెర్బియా, క్రొయేషియా, బోస్నియా-హెర్జెగోవినా, స్లొవేనియా, మాసిడోనియా, మాంటెనిగ్రో అనే ఆరు రాష్ట్రాలు కలిసి ఉండేవి. ఆర్థడాక్స్ క్రైస్తవులు, కాథలిక్ క్రైస్తవులు, ముస్లిములు ఒకే వీధిలో ఇరుగుపొరుగుగా బ్రతికేవారు. ఒకరి పండుగకు మరొకరు వెళ్ళటం అక్కడ వింత కాదు.

ఆ కలయికకు ఫుట్‌బాల్ కూడా ఒక అద్దంగా నిలిచింది. 1991 మే 29న ఇటలీలోని బారీ నగరంలో బెల్‌గ్రేడ్ రెడ్ స్టార్ జట్టు ఫ్రాన్సుకు చెందిన మార్సేయిని పెనాల్టీలలో ఓడించి యూరోపియన్ కప్ గెలిచింది. ఆనాటి జట్టులో సెర్బులతో పాటు మాసిడోనియా వాడైన పాన్‌చెవ్, మాంటెనిగ్రో వాడైన సావిచెవిచ్, క్రొయేషియా తరఫున తరువాత పేరుగాంచిన ప్రోసినెచ్కి ఉన్నారు. రెఫిక్ షబానాజోవిచ్ అనే ఆటగాడూ ఉన్నాడు. రెఫిక్ అన్నది మన ఇళ్ళలో వినిపించే ‘రఫీఖ్’ అన్న పేరే. ఇన్ని జాతుల బిడ్డలు ఒకే చొక్కా తొడిగి ఐరోపాను జయించారు.

కాని ఆ విజయం నాటికే ఇల్లు బీటలు వారింది. ఆ ఏడాదే యుద్ధం మొదలైంది. మరుసటి సంవత్సరం అది బోస్నియాకు పాకింది. ఐక్యరాజ్యసమితి విధించిన ఆంక్షల కారణంగా 1992 యూరో పోటీల నుండి యుగోస్లావియాను తొలగించారు. ఆఖరి క్షణంలో వారి స్థానంలో పిలుపునందుకున్న డెన్మార్క్ ఆ కప్పునే గెలుచుకుంది. చివరకు సెర్బియా, మాంటెనిగ్రో మాత్రమే కలిసి యుగోస్లావియా అన్న పాత పేరుతో మిగిలాయి. మనం మాట్లాడుకుంటున్న 1997-98 లీగ్ ఈ రెండు రాష్ట్రాల లీగే.

గ్యాలరీలో పుట్టిన సేన

ఈ కథలో ప్రధాన వ్యక్తి జెల్కో రజ్నాతోవిచ్. లోకం అతనిని ‘అర్కాన్’ అన్న మారుపేరుతో ఎరుగును. యౌవనంలో పశ్చిమ ఐరోపా దేశాలలో బ్యాంకులను దోచి, జైళ్ళ నుండి తప్పించుకుని, ఇంటర్‌పోల్ వెతుకుతున్న నేరస్థుల జాబితాకెక్కినవాడు. స్వదేశానికి తిరిగి వచ్చిన తరువాత 1980ల చివరలో రెడ్ స్టార్ అభిమానుల గుంపుకు నాయకుడయ్యాడు.

అభిమానుల గుంపు అంటే మన ఊహకు జెండాలు, డప్పులు, కేకలు తడతాయి. అక్కడి సంగతి వేరు. ఒకే రంగు దుస్తులు, ఒకే నినాదం, నాయకుని మాట జవదాటని క్రమశిక్షణ, ఎదుటి జట్టు వారిని శత్రువులుగా చూసే అలవాటు. వేలాది నిరుద్యోగ యువకులకు ఆ గ్యాలరీయే ఇల్లు, ఆ నాయకుడే పెద్దదిక్కు. 1990 మే 13న క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో డైనమో జాగ్రెబ్, రెడ్ స్టార్ జట్ల మధ్య జరగవలసిన మ్యాచ్ రెండు పక్షాల అభిమానుల కొట్లాటతో రణరంగమైంది. కుర్చీలు విరిగాయి, మంటలు లేచాయి, ఆట సాగలేదు. రానున్న యుద్ధానికి అది ముందస్తు సూచన అని నేటికీ అక్కడివారు చెప్పుకుంటారు.

అదే సంవత్సరం అక్టోబరులో అర్కాన్ ‘సెర్బ్ వాలంటీర్ గార్డ్’ అనే సాయుధ దళాన్ని స్థాపించాడు. ప్రజలు దానిని ‘అర్కాన్ పులులు’ అన్నారు. గ్యాలరీలో కేకలు వేసిన యువకులలో అనేకులు ఆ దళంలో చేరి తుపాకులు పట్టారు. 1992 ఏప్రిల్ తొలి దినాలలో ఈ దళం బోస్నియాలోని బియెల్యినా పట్టణంలో ప్రవేశించింది. పదుల సంఖ్యలో పౌరులు హతులయ్యారు. వారిలో అత్యధికులు ముస్లిములు. కాలిబాట మీద పడి ఉన్న స్త్రీని ఒక సైనికుడు బూటుకాలితో తన్నబోతున్న దృశ్యాన్ని అమెరికన్ ఫోటోగ్రాఫర్ రాన్ హవీవ్ తన కెమెరాలో బంధించాడు. ఆ చిత్రం ప్రపంచమంతా అచ్చయింది. ఆ సైనికుని నిర్లక్ష్యపు నిలువును చూసినవారు దానిని మరచిపోలేరు.

మూడేళ్ళ తరువాత, 1995 జూలైలో స్రెబ్రెనిట్సాలో 8,000 మందికి పైగా ముస్లిం పురుషులు, బాలురు బోస్నియా సెర్బ్ సేనల చేతిలో వధింపబడ్డారు. ఆ సెప్టెంబరులో సాన్‌స్కీ మోస్ట్ అనే మరొక బోస్నియా పట్టణంలో జరిగిన దురాగతాలకు గాను హేగ్ నగరంలోని అంతర్జాతీయ యుద్ధ నేరాల న్యాయస్థానం అర్కాన్‌పై 1997లో రహస్యంగా అభియోగపత్రం సిద్ధం చేసింది. 1999 మార్చి 31న గాని ఆ సంగతి బహిరంగం కాలేదు. పాఠకులు ఈ తేదీలను గమనించగలరు. ఏ సంవత్సరం న్యాయస్థానం అతనిపై అభియోగం రాసిందో, ఆ సంవత్సరమే అతని జట్టు ఛాంపియన్‌షిప్ వేట మొదలుపెట్టింది.

చేతులు మారిన క్లబ్బు

ఒబిలిచ్ క్లబ్బు అర్కాన్ స్థాపించినది కాదు. బెల్‌గ్రేడ్‌లోని వ్రాచార్ అనే పేటలో 1924లో పుట్టిన పాత క్లబ్బు అది. పేటలోని సామాన్యులు అభిమానించిన చిన్న జట్టు. 1995లో జాతీయ కప్ ఫైనల్ దాకా వచ్చి రెడ్ స్టార్ చేతిలో ఓడింది. కనుక ఆ క్లబ్బుకు తనదైన శ్రమ, తనదైన చరిత్ర ఉన్నాయన్నది న్యాయంగా ఒప్పుకోవాలి.

ఆ పేరు మాత్రం అర్కాన్‌కు చక్కగా నప్పింది. 1389లో కొసావో మైదానంలో జరిగిన యుద్ధంలో ఉస్మానియా సుల్తాన్ మొదటి మురాద్‌ను చంపినవాడిగా సెర్బుల వీరగాథలు కీర్తించే యోధుడు మిలోష్ ఒబిలిచ్. ఆరు వందల ఏండ్ల నాటి ఆ గాథను 1990లలో రాజకీయ నాయకులు ముస్లిములపై ద్వేషం రగిలించటానికి వాడుకున్నారు. అట్టి పేరుగల క్లబ్బును 1996లో అర్కాన్ తన అధీనంలోకి తీసుకున్నాడు. స్టేడియానికి మరమ్మతులు జరిగాయి, కొత్త నిర్మాణాలు లేచాయి. డబ్బుకు కొదువ లేదు. ఆంక్షల కాలంలో పెట్రోలు, సిగరెట్లు వంటి సరుకుల అక్రమ రవాణా అతని సంపదకు మూలమని ఆనాటి పాత్రికేయులు విరివిగా రాశారు. సామాన్య ప్రజలు రొట్టె కొరకు వరుసలలో నిలబడిన దేశంలో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు మీద ధనం ప్రవాహంలా కురిసింది.

1997 నాటికి ఒబిలిచ్ ప్రథమశ్రేణికి ఎగబ్రాకింది. ద్రాగాన్ ఒకూకా శిక్షకుడు. ఆటగాళ్ళకు మంచి జీతాలు, కఠినమైన నియమాలు. ఇక సీజన్ మొదలైంది.

ఆ 33 మ్యాచ్‌లు

మైదానంలో ఒబిలిచ్ ఆటగాళ్ళు బాగా ఆడలేదని ఎవరూ అనలేదు. యువకులు, కష్టపడేవారు, వారిలో కొందరు తరువాత పెద్ద క్లబ్బులకు వెళ్ళారు. అయితే ప్రత్యర్థి జట్ల వారు తరువాతి సంవత్సరాలలో చెప్పిన మాటలు పుస్తకాలలో, పత్రికలలో నమోదయ్యాయి. ఒబిలిచ్ గ్యాలరీలలో యుద్ధం నుండి తిరిగి వచ్చిన ‘పులులు’ బారులు తీరి కూర్చునేవారని, గోల్ కొట్టగల ప్రత్యర్థి ఆటగాళ్ళ పేర్లు పలికి బెదిరించేవారని చెప్పారు. తమ జట్టు ఒబిలిచ్‌తో ఆడుతున్న సమయంలో తనను ఒక గ్యారేజీలో బంధించారని ఒక ఆటగాడు వెల్లడించినట్లు ఒక పత్రికలో అచ్చయింది. ఈ ఆరోపణలలో ఏ ఒక్కదానినీ ఏ న్యాయస్థానమూ విచారించి తేల్చలేదు. ఆరోపణను ఆరోపణగానే చెప్పటం మా ధర్మం.

అయినా ఆలోచించవలసిన విషయం ఒకటుంది. నిన్నటిదాకా ఊళ్ళను తగలబెట్టిన దళానికి అధిపతి అయినవాడు ఎదుటి జట్టు యజమానిగా మైదానం ప్రక్కన కూర్చుని ఉన్నాడు. అతడు ఒక్క మాట మాట్లాడనక్కర లేదు. పెనాల్టీ ఇవ్వవలసి వచ్చిన రిఫరీ చేతిలోని ఈల ఎంత బరువెక్కి ఉంటుంది? గోల్ ముందు ఒంటరిగా బంతి దొరికిన ఆటగానికి తన భార్యాబిడ్డలు గుర్తుకు రాకుండా ఉంటారా? భయానికి సాక్ష్యం ఉండదు. బెదిరింపు చెవిలో పడుతుంది గాని కాగితం మీద పడదు. దౌర్జన్యపరుని బలమంతా ఇక్కడే ఉంది. అతడు చేసినదానికి ఋజువు ఉండదు, చేయగలడన్న నమ్మకం మాత్రం అందరిలో ఉంటుంది.

1998 వసంతానికి సీజన్ ముగిసింది. రెండు పాయింట్ల తేడాతో ఒబిలిచ్ ఛాంపియన్. సెర్బియా, మాంటెనిగ్రో కలిసి ఉన్న కాలంలోను, 2006లో విడిపోయి సెర్బియాకు ప్రత్యేక ‘సూపర్ లిగా’ ఏర్పడిన తరువాతను, రెడ్ స్టార్, పార్టిజాన్ అనే రెండు బెల్‌గ్రేడ్ జట్లు కాక 1992 నుండి ఈ కిరీటం ధరించిన మూడవ జట్టు ఒబిలిచ్ ఒక్కటే. రికార్డు పుస్తకంలో ఆ వరుస నేటికీ అలాగే ఉంది. ప్రక్కన ఏ నక్షత్రపు గుర్తూ లేదు, ఏ వివరణా లేదు.

ఐరోపా వాకిట

జాతీయ విజేతకు యూరోపియన్ ఛాంపియన్స్ లీగ్‌లో పాల్గొనే అర్హత లభిస్తుంది. యుద్ధ నేరాలతో పేరు ముడిపడిన వ్యక్తి అధ్యక్షుడుగా ఉన్న క్లబ్బును పోటీలలోకి రానివ్వాలా అన్న ప్రశ్న ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య ముందుకు వచ్చింది. నిషేధం తప్పదన్న వార్తలు వినిపించగానే అర్కాన్ అధ్యక్ష పదవి నుండి తప్పుకున్నాడు. ఆ కుర్చీలో అతని భార్య, ప్రసిద్ధ గాయని త్సెత్సా కూర్చుంది. ఇంటి గడప దాటకుండానే పదవి చేతులు మారింది. నియమం అక్షరాలా పాటింపబడింది. దాని ఆత్మ మాత్రం బయటే నిలబడిపోయింది.

1998లో అర్హత పోటీలలో ఒబిలిచ్ ముందుగా ఐస్‌లాండ్ జట్టును ఓడించి, ఆ తరువాత జర్మనీకి చెందిన బయెర్న్ మ్యూనిక్‌ను ఎదుర్కొన్నది. మ్యూనిక్‌లో 4-0తో ఓటమి. తిరుగు మ్యాచ్ 1-1తో సమం. ఛాంపియన్స్ లీగ్ ఆశ అంతటితో ముగిసింది. బెల్‌గ్రేడ్ వీధులలో పనిచేసే భయం మ్యూనిక్ నగరంలో పనిచేయదు. అక్కడి రక్షకులకు అర్కాన్ ఎవరో పట్టదు, బంతి ఎటు పోతున్నదన్నదే పడుతుంది. నిజమైన తూనిక ముందు నిలబడినపుడు బలమెంతో తేలుతుంది.

మరుసటి సీజన్‌లో కూడా ఒబిలిచ్ రెండవ స్థానం దాకా వచ్చింది. 1999 మార్చి 24న కొసావో సంక్షోభం కారణంగా నాటో విమానాలు యుగోస్లావియాపై బాంబుల వర్షం మొదలుపెట్టాయి. లీగ్ మధ్యలోనే ఆగిపోయింది. అగ్రస్థానంలో ఉన్న పార్టిజాన్‌ను విజేతగా ప్రకటించారు.

కిరీటం ఏమైంది?

2000 జనవరి 15న బెల్‌గ్రేడ్‌లోని ఇంటర్‌కాంటినెంటల్ హోటల్ ప్రవేశశాలలో అర్కాన్ తుపాకీ గుండ్లకు బలయ్యాడు. హేగ్ న్యాయస్థానం ముందు అతడు ఎన్నడూ నిలబడలేదు. బియెల్యినా, సాన్‌స్కీ మోస్ట్ తల్లులు తమ మాట వినిపించవలసిన బోను ఖాళీగానే మిగిలింది. ఈ లోకపు న్యాయం ఎంత అసంపూర్ణమో, అంతిమ దినపు లెక్క మీద విశ్వాసం లేనివానికి జీవితం ఎంత చీకటిగా తోస్తుందో ఇటువంటి సందర్భాలలోనే తెలుస్తుంది.

క్లబ్బు గతి కూడా చూద్దాం. 2003 మార్చి 12న సెర్బియా ప్రధాని జోరాన్ జిండ్జిచ్ హత్యకు గురయ్యాడు. ఆ తరువాత నేరముఠాలపై ప్రభుత్వం జరిపిన దాడులలో త్సెత్సా కూడా అరెస్టయింది. ఒబిలిచ్ ఆటగాళ్ళను ఇతర క్లబ్బులకు అమ్మిన సొమ్ము దారి మళ్ళించినట్లు, అక్రమంగా ఆయుధాలు ఉంచుకున్నట్లు 2011లో ఆమె నేరం అంగీకరించింది. ఒక సంవత్సరం గృహనిర్బంధం, 15 లక్షల యూరోల జరిమానా విధించారు. మైదానంలో చెమటోడ్చినవారు ఆటగాళ్ళు, వారి పేరిట వచ్చిన సొమ్ము వెళ్ళినది మరొకరి ఇంటికి.

జట్టు 2006లో ప్రథమశ్రేణి నుండి జారిపోయింది. అక్కడ ఆగలేదు. మెట్టు తరువాత మెట్టు దిగుతూ బెల్‌గ్రేడ్ పేటల స్థాయి పోటీలకు చేరింది. ఒక దేశానికి ఛాంపియన్ అయిన జట్టు పది పన్నెండేళ్ళలో పేట జట్టుగా మారటం క్రీడాచరిత్రలో అరుదు. అర్కాన్ రాకముందు ఆ పేట ప్రజలకు తమదని చెప్పుకునే ఒక క్లబ్బు ఉండేది. అతని తరువాత ఆ క్లబ్బు పేరుకు అతని నీడ అంటుకుపోయింది. ముందుగా దోపిడికి గురైనవారు ఆ క్లబ్బును ప్రేమించిన సామాన్య సెర్బులేనన్నది మనం మరువరాదు.

‘కొత్త బజారు’ జట్టు

అదే దేశంలో, అదే లీగ్‌లో మరొక జట్టు ఉంది. సెర్బియా నైరుతి దిక్కున సంజక్ అనే ప్రాంతంలో నోవీ పజార్ పట్టణం ఉంది. పదిహేనవ శతాబ్దంలో ఉస్మానియా సేనాని ఈసా బేగ్ ఈ పట్టణానికి పునాది వేశాడు. బోస్నియా రాజధాని సర్యేవోను నిర్మించినవాడు కూడా అతడే. ‘పజార్’ అంటే మన బజారే. నోవీ పజార్ అంటే కొత్త బజారు. లక్షకు పైగా జనాభా గల ఈ మునిసిపాలిటీలో అత్యధికులు బోస్నియాక్ ముస్లిములు. పదహారవ శతాబ్దపు ఆల్తున్ ఆలెం మస్జిద్ పాత పట్టణంలో ఉంది. కొద్ది మైళ్ళ దూరంలో యునెస్కో గుర్తింపు పొందిన సొపోచానీ క్రైస్తవ మఠం ఉంది.

ఆ పట్టణపు ఫుట్‌బాల్ క్లబ్బు మూలాలు 1928 నాటివి. ప్రథమశ్రేణిలో అడుగుపెట్టటానికి దానికి 2011 దాకా పట్టింది. ఎనభై మూడేళ్ళ నిరీక్షణ. 2017లో మళ్ళీ క్రిందికి జారింది. 2019-20 సీజన్‌కు కరోనా అడ్డుపడినపుడు సెర్బియాలో ఏ జట్టునూ క్రిందికి దించలేదు. లీగ్‌ను ఇరవై జట్లకు పెంచి క్రింది శ్రేణి నుండి నాలుగింటిని పైకి తీసుకున్నారు. నోవీ పజార్ అలా తిరిగి వచ్చింది. 2020-21లో రెడ్ స్టార్ 38 మ్యాచ్‌లలో ఒక్క ఓటమి కూడా లేకుండా 108 పాయింట్లు సాధించింది. ఆ సీజన్ చివర ఆరు జట్లు క్రిందికి వెళ్ళవలసి ఉండగా, నోవీ పజార్ పట్టికలో దిగువ సగంలోనే పెనుగులాడి నిలదొక్కుకుంది. 2025లో తన చరిత్రలో మొదటిసారి ఐరోపా పోటీల అర్హత పొందింది. అక్కడ పోలండ్ జట్టు యాగియెలోనియా చేతిలో ఓడి వెనుదిరిగింది.

రికార్డు పుస్తకంలో ఒబిలిచ్‌కు ఒక కిరీటం ఉంది, నోవీ పజార్‌కు ఏదీ లేదు. కాని వారం వారం ఆ పట్టణపు తండ్రులు తమ కుమారుల చేయి పట్టుకుని స్టేడియానికి వెళుతున్నారు. సెర్బ్ ఆటగాడు, బోస్నియాక్ ఆటగాడు ఒకే చొక్కా తొడిగి ఆడటం చూస్తున్నారు. ఆ స్టేడియంలో అంతా నిష్కళంకమని మేము చెప్పబోము. ఎదుటివారి గ్యాలరీ నుండి యుద్ధ నేరస్థులను పొగిడే నినాదాలు లేచిన రోజులున్నాయి, ఇటు గ్యాలరీ నోరు జారిన రోజులూ ఉన్నాయి. ఈ పట్టణంలో పుట్టిన ఆదెం ల్యాయిచ్ 2012లో స్పెయిన్‌తో మ్యాచ్‌కు ముందు జాతీయగీతం పాడనందుకు సెర్బియా జట్టు నుండి తొలగింపబడ్డాడు. తరువాత తిరిగి పిలుపునందుకొని 2018 ప్రపంచ కప్ జట్టులో చోటు పొందాడు. ఇటలీ, టర్కీ మైదానాలలో ఆడి చివరకు తన ఊరి క్లబ్బుకు చేరుకున్నాడు. గాయాలున్న చోటనే కలిసి బ్రతికే ప్రయత్నం కూడా సాగుతున్నది.

న్యాయం మనకూ వర్తిస్తుంది

అర్కాన్ కథ చదివిన యువకుని మనస్సులో ఒక జాతి మీద ద్వేషం మొలకెత్తితే, ఈ వ్యాసం వల్ల మేలుకన్నా కీడే ఎక్కువ జరిగినట్లు. ఒక జాతి పట్ల కోపం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయరాదన్నది మన ధర్మం మనకు చేసిన కట్టడి. కనుక ఆ యుద్ధకాలం నాటి మరొక సెర్బ్ యువకుని కథ కూడా మన పిల్లలకు చెప్పాలి.

స్ర్‌జాన్ అలెక్సిచ్ బోస్నియాలోని త్రెబిన్యే పట్టణవాసి. ఈతలో రాణించినవాడు, నాటకాలలో వేషాలు వేసేవాడు. 1993 జనవరిలో కొందరు సెర్బ్ సైనికులు అతని ముస్లిం పొరుగువానిని పట్టుకుని కొడుతుండగా అలెక్సిచ్ అడ్డుపడ్డాడు. సైనికులు అతని మీద పడి తుపాకీ మడమలతో చావబాదారు. స్పృహ కోల్పోయి, కొన్ని రోజులకు మరణించాడు. వయస్సు 26. పొరుగువాడు బ్రతికాడు. నేడు సర్యేవోలో అలెక్సిచ్ పేరిట ఒక వీధి ఉంది, సెర్బియాలోని నోవీ సాద్‌లో ఒక బాట ఉంది. అతడు అర్కాన్ జాతివాడే, అర్కాన్ కాలంవాడే. ఒకడు ఆటను ఆసరా చేసుకుని సైన్యం కట్టాడు, మరొకడు పొరుగువాని కోసం ప్రాణమిచ్చాడు. మనిషిని తూచవలసినది అతని కర్మలతోనే అనటానికి ఇంతకన్నా ఏ ఉదాహరణ కావాలి?

మన గడపలో

ఇదంతా దూరదేశపు ముచ్చట అని కొందరు అనవచ్చు. గ్యాలరీలోని ఆ గుంపు మనస్తత్వానికి దేశాల ఎల్లలు లేవు. తమ జట్టు ఓడితే ఎదుటి ఊరివారి మీద చేయి చేసుకోవటం, ఫోన్లలో పరాయి ఆటగాని తల్లిని, మతాన్ని దూషించటం, అంపైర్‌ను బెదిరించి నిర్ణయం మార్పించటం మన వీధుల టోర్నమెంట్లలోనూ కనిపించేవే. అర్కాన్ దళం ఒక్కరోజులో పుట్టలేదు. కేకలతో మొదలై, తిట్లకు పాకి, రాళ్ళకు చేరి, చివరకు తుపాకీ పట్టింది. మొదటి మెట్టు మీదనే బిడ్డ చేయి పట్టుకుని ఆపగలిగినవారు తల్లిదండ్రులే.

శరీరాన్ని దృఢపరచే ఆట మన ధర్మంలో మెచ్చదగినదే. పరుగుపందెం, విలువిద్య, గుర్రపు స్వారీ మన పెద్దలు ప్రోత్సహించినవి. పిల్లవాడు మైదానం నుండి ఇంటికి వచ్చినపుడు ‘గెలిచావా?’ అని అడగటం సహజం. దానితో పాటు మరో మాట అడుగుదాం. బంతి గీత దాటిందని నీకు తెలిసి కూడా దాటలేదని వాదించావా? బలహీనుడైన తోటివాడిని భయపెట్టావా? ఓడినవానికి చేయి అందించావా? ఈ ప్రశ్నలకు అలవాటుపడిన బిడ్డ రేపు దుకాణంలో తూకం వేసేటపుడు, పరీక్ష హాలులో కూర్చున్నపుడు, వాటాలు పంచుకునేటపుడు తన ఫలితాన్ని తానే తూచుకుంటాడు. ఇరుగుపొరుగు వారు అతని పేరు విని ముఖం తిప్పుకోరు.

1997-98 సీజన్ పట్టికలో ఒబిలిచ్ పేరు ఎప్పటికీ మొదటి వరుసలోనే ఉంటుంది. మనుషులు రాసిన పట్టికకు అంతవరకే తెలుసు. ఆ 86 పాయింట్లలో ఎన్ని ఆటకు దక్కినవి, ఎన్ని భయానికి దక్కినవి అన్నది వేరొక గ్రంథంలో నమోదై ఉంది. అందులో ఏ చిన్న లెక్కా తప్పదు, ఏ కుర్చీ మార్పుతోనూ దాని నుండి తప్పించుకోలేరు. మన సంతానం ఆ గ్రంథంలో గెలిచేవారిగా ఎదగాలని అల్లాహ్‌ను వేడుకుందాం.